‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అడగకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా పేరు తట్టకపోవడం, వరస తట్టకపోవడం, దాంతో అవతలివాళ్లు నొచ్చుకోవడం. షుగర్, నడుం నొప్పి ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి ఈ నాలుగింటికే రాస్తున్నాను.

ప్రశ్న: మాది మియాపూర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 34. పోయిన నెల మా పెదనాన్న కూతురి పెళ్లికి నాగోల్‌లో ఫంక్షన్ హాల్‌కి వెళ్లాను. ఆఫీసులో రిలీజ్ ఉండి రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, దారిలో కారులో ఉండగానే మేనేజర్‌తో ఫోన్లో గొడవైంది. హాల్లో అడుగు పెట్టగానే ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అందరి ముందూ ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అన్నారు. మా నాన్నకు మేనబావ, చిన్నప్పుడు నన్ను రోజూ సైకిల్ మీద బడికి దింపిన మనిషి. ముఖం తెలుసు, కానీ పేరు కాదు కదా వరస కూడా నోటికి రాలేదు. ‘పెద్దోడివైపోయినవ్‌లే బిడ్డా’ అని చెయ్యి వదిలేశారు. రాత్రి ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే ఆయన పేరు, ఊరు, సైకిల్ రంగుతో సహా గుర్తొచ్చాయి. నాకు మతిమరుపు జబ్బు మొదలైందా?

జవాబు: లేదు తమ్ముడూ. స్నానం చేస్తుంటే సైకిల్ రంగు కూడా గుర్తొచ్చిందని రాశారు చూడండి, మీ భయానికి జవాబు అక్కడే ఉంది. జ్ఞాపకం చెరిగిపోయి ఉంటే అలా తిరిగి రాదు. ఆయన మీ మెదడులో భద్రంగానే ఉన్నారు, ఆ సాయంత్రం మీరు పిలిస్తే పైకి రాలేదు, అంతే. దాచుకోవడం వేరు, దాచిందాన్ని సమయానికి బయటికి తీయడం వేరు. టెన్షన్ ఎక్కువగా దెబ్బకొట్టేది ఈ రెండోదాన్ని.

ఎలాగో చెప్తాను. మేనేజర్‌తో గొడవ మొదలవగానే గుండె దడదడలాడింది కదా, అది అడ్రినలిన్ పని, సెకన్లలో వస్తుంది. దాని వెనకాలే ఇంకొకటి నెమ్మదిగా బయల్దేరుతుంది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది, పిట్యూటరీ రక్తంలోకి ఇంకో హార్మోన్ వదులుతుంది, అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులను తడుతుంది, అప్పుడు కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ విడుదలవుతుంది. ఇదంతా జరిగి కార్టిసాల్ బాగా పెరిగేసరికి సుమారు ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. అంటే గొడవ అయిపోయి, మీరు కారు పార్క్ చేసి, చొక్కా సర్దుకుని, ముఖానికి నవ్వు తెచ్చుకుని లోపలికి నడిచే వేళకి అది మీ ఒంట్లో గరిష్ఠంగా ఉండి ఉంటుంది. కోపం తగ్గిపోయింది, నేను బాగానే ఉన్నాను అని మీరు అనుకుంటూ ఉంటారు, అదే ఇందులో చిక్కు.

ఈ అరగంట లెక్క నా ఊహ కాదు. 1998లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. నీళ్ల తొట్టిలో కనబడకుండా మునిగి ఉన్న చిన్న తిన్నె ఎక్కడుందో ఎలుకలకు నేర్పారు, మర్నాడు గుర్తుందో లేదో చూసే ముందు కాళ్లకు చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. షాక్ ఇచ్చిన రెండు నిమిషాలకే పరీక్షిస్తే ఎలుకలు బాగానే గుర్తుపెట్టుకున్నాయి, నాలుగు గంటల తర్వాత పరీక్షిస్తే కూడా బాగానే ఉన్నాయి. అరగంట తర్వాత పరీక్షించినప్పుడు మాత్రం తడబడ్డాయి. రెండేళ్ల తర్వాత మనుషుల మీద చూశారు. ముందురోజు కొన్ని మాటలు నేర్పి, మర్నాడు అడగడానికి గంట ముందు ఒంట్లోకి వెళ్లాక కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర 25 మిల్లీగ్రాములది ఇస్తే, మామూలుగా గుర్తొచ్చినన్ని మాటలు గుర్తు రాలేదు. అదే మాత్ర నేర్చుకునే ముందో, నేర్చుకున్న వెంటనేనో ఇస్తే ఆ తేడా కనబడలేదు. దెబ్బ పడింది తీసే దగ్గర. హాల్లో రాని పేరు రాత్రి స్నానాల గదిలో రావడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

కార్టిసాల్‌కి మెదడులో మిగతా చోట్ల కంటే హిప్పోకాంపస్ మీద పట్టు ఎక్కువ. కణతల లోపలగా రెండు వైపులా ఉండే ఈ భాగంలో ఆ హార్మోన్‌ను అందుకునే కణాలు దండిగా ఉన్నాయని 1968లోనే బ్రూస్ మెక్‌యూవెన్ ఎలుకల్లో చూపించారు. జ్ఞాపకాలు కూడేదీ, వాటిని తిరిగి జత చేసేదీ అక్కడే. అందులోనే సీఏ2 అనే చిన్న ముక్క ఒకటి ఉంది, నాకు ఎంతో ఇష్టమైన ముక్క, దానికి ఆ పేరు పెట్టింది 1934లో. అది చేసే పని చాలా కాలం ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. 2014లో కొలంబియా విశ్వవిద్యాలయంలో హిట్టీ, సీగల్‌బామ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకల్లో ఆ ఒక్క ముక్క నోరు నొక్కేసి చూశారు. ఆ ఎలుకలు దారులు మర్చిపోలేదు, వస్తువులను మర్చిపోలేదు, కాసేపటి క్రితం కలిసిన తోటి ఎలుకను మాత్రం గుర్తుపట్టలేకపోయాయి. వస్తువుల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు అని మెదడే విడదీసి పెట్టుకుందన్నమాట. ఆ ముక్కకు హైపోథాలమస్ నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ అందుతుంది, దాని చెల్లెలి లాంటి ఆక్సిటోసిన్ కూడా ఈ పనిలో చెయ్యి వేస్తుంది. రెండూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాల గొలుసులే, రెండు పూసలే తేడా. 2000లో ఆక్సిటోసిన్ జన్యువు లేకుండా పుట్టించిన చిట్టెలుకలను చూస్తే వాసన పట్టడంలో లోటు లేదు, మిగతా జ్ఞాపకం బాగుంది, ఎన్నిసార్లు కలిసినా తోటి ఎలుక వాటికి కొత్తదే. ఆ హార్మోన్ అందిస్తే గుర్తుపట్టాయి. ఎలుకలు వాసనతో గుర్తుపడతాయి, మనం ముఖంతో, గొంతుతో గుర్తుపడతాం, కాబట్టి అక్కడ చూసిన ప్రతిదీ మనకు అచ్చంగా వర్తిస్తుందని నేను అనను. కానీ గుర్తుపట్టడం అనేది ప్రేమకూ గౌరవానికీ కొలత కాదని, దానికి వెనక ఒక యంత్రాంగం ఉందని, అది ఒక్కోసారి మొరాయిస్తుందని మాత్రం గట్టిగా చెప్తాను.

పేరు విషయం ఇంకొంచెం వేరు. ఇంగ్లీషులో బేకర్ అంటే రొట్టెలు చేసేవాడు, అదే ఇంటిపేరు కూడా. ఒకే ఫొటో చూపించి కొందరికి ‘ఈయన పేరు బేకర్’ అని, కొందరికి ‘ఈయన రొట్టెలు చేస్తారు’ అని చెబితే, వృత్తి చెప్పినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన దగ్గర ‘ఈయన పేరు పంతులు’ అనడానికీ, ‘ఈయన బడి పంతులు’ అనడానికీ ఉన్న తేడా అన్నమాట. బడి పంతులు అనగానే సుద్దముక్క, బెత్తం, హాజరు పట్టీ అన్నీ తోడొస్తాయి, ఉత్త పేరుకి ఏ తోడూ ఉండదు, ఒక్క దారం తెగితే అంతే. మన పెద్దవాళ్లు పేర్లు పెట్టి పిలవకుండా బావా, వదినా, చిన్నాయనా అని వరస పెట్టి పిలుచుకోవడంలో నాకు ఇందుకే గొప్ప సుఖం కనిపిస్తుంది, వరసకు వెనక ఒక ఇల్లూ కొందరు మనుషులూ ఉంటారు.

ఇప్పుడు అసలు మాట, ఇది మీకు కాదు, ఈ పేజీ చదివే పెద్దలకు. 1993లో జర్మనీలోని ట్రియర్‌లో ఒక పరీక్ష తయారు చేశారు, మనిషికి స్ట్రెస్ పెట్టి కార్టిసాల్ పెంచాలంటే ఈ రోజుకీ ప్రపంచమంతా వాడేది అదే. అందులో కరెంటు షాకులు లేవు. ముఖంలో ఏ భావమూ చూపించని కొందరు ఎదురుగా కూర్చుంటారు, వాళ్ల ముందు నిలబడి అప్పటికప్పుడు మాట్లాడాలి, నోటితో లెక్కలు చేయాలి, తప్పు చేస్తే మళ్లీ మొదట్నుంచి. తర్వాత 2004లో ఇలాంటి 208 ప్రయోగాలను కలిపి చూస్తే, కార్టిసాల్‌ను బాగా పెంచేది నలుగురి ముందు తక్కువైపోతామన్న భయం, దాంతోపాటు మన చేతుల్లో ఏమీ లేకపోవడం అని తేలింది. పెళ్లి పందిట్లో కుర్రవాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, చుట్టూ పదిమంది చూస్తుండగా ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అడగడం అచ్చం ఆ పరీక్షే. మీరు ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. నన్ను మర్చిపోలేదు కదా అన్న ఆశ ఉంటుంది ఆ ప్రశ్నలో. కానీ ఆ ప్రశ్నే వాడి నోట మీ పేరు రాకుండా అడ్డం పడుతుంది. దానికి బదులు మీరే ముందు ‘నేను మీ నాయన మేనబావను బిడ్డా, నిన్ను సైకిల్ మీద బడికి దింపేటోణ్ణి’ అనండి, అప్పుడు చూడండి వాడి ముఖం ఎలా వెలుగుతుందో, మిగతా కథంతా వాడే చెప్తాడు.

తమ్ముడూ, మీకు చెప్పేది రెండే. ఇలాంటి చోటికి వెళ్లే రోజు ఆఫీసు ఫోను గంట ముందే ఆపేయండి, వీలైతే కారు వదిలి అమీర్‌పేటలో మారి మెట్రోలో వెళ్లండి, ముందురాత్రి నిద్ర మాత్రం పోగొట్టుకోకండి. ఇక రెండోది, ఆ మామయ్యకు ఫోన్ చేయండి. సైకిల్ రంగు చెప్పండి. వారాల తరబడి ఆయన నొచ్చుకుంటూ ఉండి ఉంటారు, మీకు పేరు రానిది మర్చిపోయి కాదని ఆయనకు తెలియాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. అమ్మ పోయి ఏడు నెలలైంది, అప్పటినుంచి కరీంనగర్ వదిలి ఎల్బీనగర్‌లో మా దగ్గరే ఉంటున్నారు. ఎదురు ఫ్లాట్ వాళ్లను రోజూ చూస్తూ కూడా వీళ్లెవరు అంటారు. ఊళ్లో వాళ్ల పేర్లు మాత్రం తాతల కాలం నుంచి చెప్తారు. మా పిల్లలు సరదాకి ‘తాతా, నా పేరేంటి’ అని రోజూ అడుగుతుంటే చిరాకుపడి గదిలోకి వెళ్లిపోతున్నారు.

జవాబు: అమ్మా, ముందు పిల్లల చేత ఆ ఆట మాన్పించండి. పైన పెళ్లి గురించి రాసిందంతా ఇంట్లో ఆయనకు రోజూ జరుగుతోంది. పిల్లలే ‘తాతా, నేను చింటూని వచ్చాను’ అని పేరు చెబుతూ వచ్చి ఒళ్లో కూర్చుంటే సరిపోతుంది.

ఏడు నెలల్లో ఆయన భార్యను పోగొట్టుకున్నారు, ఊరు పోగొట్టుకున్నారు, అరుగు మీద పలకరించే మనుషులను పోగొట్టుకున్నారు. కొత్త ముఖం మనసులో నాటుకోవాలంటే దాని మీద కాస్త ధ్యాస పడాలి, దుఃఖంలో ఉన్న మనిషికి ఎదురు ఫ్లాట్ వాళ్ల మీద ధ్యాస ఎక్కడుంటుంది? మా అమ్మ పోయిన నెలలో నాతోపాటు ఇరవై ఏళ్లు పనిచేసిన ఆవిడ ఇంటికి వచ్చి పక్కన కూర్చుంటే నాకు ఆవిడ పేరు రాలేదు, ఆ రోజు నేనూ భయపడ్డాను. పెద్ద వయసులో డిప్రెషన్ వస్తే ఏడుపుగా కనబడకపోవచ్చు, మతిమరుపులా, చిరాకులా, గదిలోంచి రాకపోవడంలా కనబడుతుంది. మందులతో, మాటలతో అది తగ్గుతుంది.

అలాగని అంతా దుఃఖమే అని వదిలేయొద్దు. చూపు, వినికిడి పరీక్ష చేయించండి, కంట్లో శుక్లం ఉంటే ముఖం తెలియదు, చెవి మందగిస్తే పేరు వినబడదు, అది చూసి మనం మతిమరుపు అంటాం. థైరాయిడ్, బి12, షుగర్, సోడియం చూపించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బి12 తగ్గడం ఉంటుంది. నిద్రమాత్రలు, జలుబుకి వేసుకునే కొన్ని పాత రకం మాత్రలు కూడా పెద్దవాళ్ల బుర్రను మందం చేస్తాయి, కాబట్టి ఆయన వాడే మందుల చీటీలన్నీ డాక్టరుకి చూపించండి. వీధి చివర దాకా వెళ్లి ఇంటికి దారి తెలియకపోవడం, డబ్బు లెక్క తప్పడం, చెప్పిన ఐదు నిమిషాలకే మళ్లీ అదే అడగడం, సొంత బిడ్డలనే పోల్చుకోలేకపోవడం, ఇవి ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజీ డాక్టరును కలవాలి, పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా తికమక వస్తే మాత్రం వెంటనే, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు, పక్షవాతం కావచ్చు.

వీలైతే ఆదివారాలు ఆయన్ను కరీంనగర్ వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడించండి. అమ్మ గురించి మాట్లాడనివ్వండి, మాట మార్చకండి.

ప్రశ్న: మా బాబుకి 15 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాం. బంధువులెవరినీ గుర్తుపట్టడు, రోడ్డు మీద వాళ్ల టీచర్ ఎదురైనా పలకరించడు. ఆన్‌లైన్‌లో ఆక్సిటోసిన్ స్ప్రే అని, ప్రేమ హార్మోన్ అని అమ్ముతున్నారు. ముక్కులో కొడితే మనుషులు బాగా గుర్తుంటారట. కొనొచ్చా?

జవాబు: కొనొద్దు. ఆక్సిటోసిన్ డాక్టరు చేతిలో ఉండాల్సిన మందు. 1955 నోబెల్ బహుమతి అందుకున్న విన్సెంట్ డు విన్యో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపించాక, కాన్పు నొప్పులకీ, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికీ ఎందరో తల్లుల ప్రాణాలు నిలబెట్టింది. బర్రెలు చేపడానికి కొందరు దొంగచాటుగా పొడిచే ఇంజెక్షన్ కూడా ఇదే, అది నేరం. మీరు విన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, 2009లో ఒక ప్రయోగంలో ఈ స్ప్రే పీల్చిన మగవాళ్లు ముందురోజు చూసిన ముఖాలను కాస్త మెరుగ్గా గుర్తుపట్టారు, ముఖాలు కాని బొమ్మల విషయంలో తేడా రాలేదు. కానీ తర్వాత చేసిన ప్రయోగాల ఫలితాలు ఒక్కలా లేవు, జ్ఞాపకానికి మందుగా దీన్ని ఎక్కడా ఆమోదించలేదు. ఆన్‌లైన్ సీసాలో ఏముందో ఎవరికి తెలుసు, ఎదిగే పిల్లవాడి ముక్కులో అది కొట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

దానికంటే ఒకటి గమనించండి. టీచర్ మాట్లాడగానే గొంతుతో పోల్చుకుంటాడా? తలకట్టు మార్చుకున్న స్నేహితుణ్ణి చూసి తికమకపడతాడా? సినిమాలో ఎవరు ఎవరో పదే పదే అడుగుతాడా? అలా అయితే బాబుకి పుట్టుకతోనే ముఖాలు పోల్చుకోలేని ఇబ్బంది ఉండొచ్చు. నూటికి ఇద్దరి దాకా ఇలాంటివాళ్లు ఉంటారని అంచనా. తెలివికీ దానికీ సంబంధం లేదు. ‘పొగరు, పెద్దల్ని పలకరించడు’ అని ఇన్నాళ్లూ మాటలు పడి ఉంటే పిల్లవాడు ఎంత నలిగిపోయి ఉంటాడో ఒక్కసారి ఆలోచించండి. న్యూరాలజీ డాక్టరుకి గానీ, క్లినికల్ సైకాలజిస్టుకి గానీ చూపించండి, బడిలో టీచర్లకు మీరే చెప్పి పెట్టండి.

ప్రశ్న: నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను, అశోక్ నగర్‌లో రూమ్. రెండేళ్లుగా చదువు తప్ప వేరే లోకం లేదు, ఈ ఏడాది సింగిల్ రూమ్ తీసుకున్నాను, ఫోన్ కూడా తక్కువే. ఆర్టికల్స్ అన్నీ గుర్తుంటున్నాయి గానీ మొన్న డిగ్రీలో నా పక్క బెంచీ మిత్రుడు కనబడితే పేరు తట్టలేదు. మెస్‌లో నిన్న పరిచయమైనవాళ్లు ఇవాళ గుర్తుండట్లేదు.

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదివాక నాకు 2000లో వచ్చిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. గుంపుగా పెరిగే చిట్టెలుకలకు ఒక కొత్త ఎలుకను రెండు నిమిషాలు పరిచయం చేస్తే వారం తర్వాత కూడా గుర్తుపట్టాయి. ఒక్కొక్కదాన్ని వేరే పంజరంలో ఒంటరిగా పెడితే మర్నాటికే మర్చిపోయాయి. మనుషులను గుర్తుపెట్టుకునే శక్తికి మనుషుల మధ్య ఉండటమే తిండి అని నాకు అనిపిస్తుంది. మీరు ఆ తిండి మానేసి ఏడాది అయింది, పైగా నోటిఫికేషన్లు, వాయిదాలు, ఇంటి నుంచి వచ్చే ‘ఎప్పుడైతది’ అన్న ప్రశ్న, ఇవన్నీ కలిసి కార్టిసాల్‌ను కిందికి దిగనివ్వవు. రాజ్యాంగం ఆర్టికల్స్ రోజూ తిరగేస్తారు కాబట్టి నిలిచాయి, మిత్రుణ్ణి రెండేళ్లలో ఒక్కసారీ తిరగేయలేదు.

సింగిల్ రూమ్ చదువుకి మంచిదని అందరూ చెప్తారు, నేను ఒప్పుకోను. పగలు చిక్కడపల్లి లైబ్రరీలో నలుగురి మధ్య కూర్చుని చదవండి. ఒక పూట భోజనమైనా ఫోను, నోట్సు లేకుండా ఇంకొకరితో కలిసి తినండి, కొత్తవాళ్లు పేరు చెప్తే ఆ మాటల్లోనే రెండుసార్లు ఆ పేరు పెట్టి పిలవండి, ఏ ఊరో అడగండి, ఊరు పేరుకి తోడు నిలుస్తుంది. అర్ధరాత్రి రెండు దాకా చదవడం మానండి, పగలు కలిసినవాళ్లు జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే. రాత్రిళ్లు గుండె బరువెక్కి, ఇక చాలు అనిపించే ఆలోచనలు వస్తుంటే మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లడంలోనూ సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆ పక్క బెంచీ మిత్రుడి పేరు ఇంకా తట్టకపోతే డిగ్రీ గ్రూపులో ఎవరినైనా అడిగి నంబర్ తీసుకోండి. ఆదివారం చాయ్‌కి పిలవండి.